ఫ్యాషన్ వెబ్‌సైట్ల పునర్నిర్మాణంలో మినిమలిజం: బిలాస్‌పూర్ కోసా పట్టు నేపథ్యంలో ఒక పరిశీలన

ఫ్యాషన్ బ్రాండు వెబ్‌సైటును మినిమలిస్ట్ పద్ధతిలో తిరిగి తీర్చిదిద్దడమంటే, బట్టకూ కొనేవారికీ మధ్య అడ్డుపడే ప్రతిదాన్నీ తీసేసి, మిగిలినదాన్ని చూడగానే అర్థమయ్యేలా అమర్చడం. తెల్లటి నేపథ్యం, ఒకటి రెండు ఫాంట్లు, పెద్ద ఫొటో, పొట్టి మెనూ ఈ శైలికి పైకి కనిపించే గుర్తులు. అసలు పని వాటి వెనుక ఉంటుంది. దేన్ని తీసేయాలో, దేన్ని ఎట్టి పరిస్థితుల్లో తీసేయకూడదో తేల్చుకోవడమే ఆ పని. మిల్లులో లక్షల మీటర్లు ఒకే తీరుగా వచ్చే గుడ్డకు ఈ నిర్ణయం సులువు. చేనేతకు అంత సులువు కాదు. ఏ రెండు చీరలూ అచ్చంగా ఒకేలా ఉండని కోసా పట్టు లాంటి సరుకు దగ్గర ఈ శైలి బలమూ బలహీనతా రెండూ తేటతెల్లమవుతాయి. అందుకే ఆ పట్టు నేసే ప్రాంతాన్నీ, ఆ ప్రాంతపు రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌నూ ఆధారంగా తీసుకుని విషయాన్ని చూడటం మేలు.

పట్టాలు, పట్టు

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు బిలాసా అనే కేవట మహిళ పేరు మీద ఆ పేరు వచ్చిందని స్థానికుల నమ్మకం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర చేనేత సహకార సమాఖ్య నడిపే దుకాణాలకూ ‘బిలాసా’ అనే పేరే పెట్టుకున్నారు. ఊరిని ఊరుగా పెంచింది మాత్రం రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్ నుంచి అసన్సోల్ దాకా వేసిన మార్గం 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్ ఆ దారిలో ముఖ్యమైన కూడలి అయింది. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ముఖ్య కేంద్రం. రాష్ట్ర హైకోర్టు, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉన్నాయి.

తెలుగువారు ఇక్కడికి చేరింది కూడా ఆ పట్టాల మీదుగానే. 1902లో వాల్తేరు నుంచి కటక్ వైపు సాగే తీరప్రాంత రైలుమార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నేరుగా దారి ఏర్పడింది. 1955 నుంచి 2003 దాకా వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వే కిందే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవారి కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఇవాళ్టికీ కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఈ బంధుత్వాన్ని మోస్తున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో హిందీ చదువుకుని, ఫోనులో ఇంగ్లీషు బటన్లు నొక్కే కొనుగోలుదారులు ఇలాంటి ఊళ్లో సహజంగానే ఉంటారు. వెబ్‌సైటు కట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దీని అవసరం ముందు ముందు పడుతుంది.

బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు ప్రధాన మార్గంలో గంట లోపు ప్రయాణిస్తే చాంపా జంక్షన్ వస్తుంది. కోర్బా లైను అక్కడే చీలుతుంది. చాంపా, కోర్బా, రాయగఢ్ ప్రాంతాలు కోసా నేతకు పేరుపొందినవి. మగ్గాల మీద పనిచేసేవారిలో దేవాంగన్ సామాజికవర్గం వారు ఎక్కువ. చాంపా పట్టు చీరలకూ బట్టలకూ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన దగ్గర మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు దసలి పట్టు అనేదీ, అక్కడ కోసా అనేదీ ఒకే జాతి పురుగు ఇచ్చే పట్టు (ఇంగ్లీషులో టస్సర్). మల్బరీ పురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. దసలి పురుగు అడవిలో నల్లమద్ది, తెల్లమద్ది, సాల చెట్ల ఆకు తిని బతుకుతుంది. అందుకే పట్టుకాయ రంగు చెట్టును బట్టీ, రుతువును బట్టీ మారుతుంది. లేత మీగడ రంగు, తేనె రంగు, బూడిద కలిసిన గోధుమ రంగు ఇలా ఎన్నో ఛాయలు. తెగని దారంగా తీసిన నూలు నునుపుగా ఉంటుంది. చిట్లిన కాయల నుంచి వడికిన గీచా నూలు ముడులు ముడులుగా, గరుకుగా ఉంటుంది. పడుగులో మల్బరీ, పేకలో గీచా వాడి నేసే బట్టలూ ఉన్నాయి. ఈ తేడాలన్నిటినీ బట్టే ధర. దుకాణంలో చెయ్యి పెట్టి చూస్తే క్షణంలో తెలిసే ఈ సంగతి ఫోను తెర మీద తెలియజేయడమే ఇలాంటి బ్రాండు వెబ్‌సైటు ముందున్న మొదటి పరీక్ష.

ఆడంబరం నుంచి మితం దాకా

ఆన్‌లైన్ బట్టల వ్యాపార చరిత్రలో మొదటి పెద్ద పాఠం ఆడంబరం వల్లే దొరికింది. లండన్ కేంద్రంగా స్వీడన్ వ్యాపారులు మొదలుపెట్టిన బూ డాట్ కామ్ 1999 నవంబరులో తెరుచుకుంది. తిరిగే త్రిమితీయ బొమ్మలు, మిస్ బూ అనే కదిలే సహాయకురాలు, ఒకేసారి అనేక దేశాల్లో అమ్మకాలు. డయల్‌అప్ మోడెముల కాలంలో ఆ పేజీలు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టేవి. సుమారు 13.5 కోట్ల డాలర్లు ఖర్చు చేసి 2000 మే నెలలో మూతపడింది. సరిగ్గా మరుసటి నెలలో అదే నగరంలో నాటలీ మాసెనే మొదలుపెట్టిన నెట్-ఎ-పోర్టర్ పూర్తి భిన్నమైన దారి పట్టింది. ఫ్యాషన్ పత్రిక పుటలా తెల్లటి పేజీ, సాదా ఫొటో, పక్కన ధర. కంపెనీ నిలబడింది. 2010లో రిష్‌మాంట్ సంస్థ దాన్ని కొనుక్కుంది. ఈ రెండు కథలూ పక్కపక్కనే జరగడం వల్ల ఫ్యాషన్ వెబ్‌సైట్ల చరిత్ర రాసేవారెవరూ వీటిని వదిలిపెట్టరు, వదిలిపెట్టకూడదు కూడా.

ఆ తర్వాతి మలుపు ఫోన్లతో వచ్చింది. ఒకే పేజీ ఏ తెర వెడల్పుకైనా ఒదిగే రెస్పాన్సివ్ పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ ప్రతిపాదించాడు. ముందు చిన్న తెర కోసం ఆలోచించి తర్వాత పెద్ద తెరకు విస్తరించాలన్న వాదాన్ని ల్యూక్ రోబ్లెస్కీ ప్రచారం చేశాడు. చిన్న తెర మీద చోటు లేకపోవడం వల్ల అనవసరమైనది దానంతటదే బయటపడింది. 2010 విండోస్ ఫోన్, 2013 ఐఓఎస్ 7 నీడలూ మెరుపులూ తగ్గించి చదునైన రూపాన్ని ఇంటింటికీ అలవాటు చేశాయి. వస్తువుల రంగంలో అంతకు చాలాముందే, 1980లోనే, జపాన్‌లో ముజి బ్రాండు ముద్ర లేని మంచి సరుకు అన్న సూత్రంతో మొదలై ఈ రుచికి పునాది వేసింది. మన హైదరాబాదులో పుట్టిన మల్ఖా నూలు బట్ట కూడా ఆ గుణానికి దగ్గరిదే. అక్కడ సాదాతనం అలంకారంగా కాక, పత్తి నుంచి గుడ్డ దాకా సాగే పనిలోంచి వచ్చింది.

2010ల చివరికి మితం కూడా ఒక యూనిఫారం అయిపోయింది. సెలీన్ 2018లో తన పేరులోని ఉచ్చారణ గుర్తును (é మీది గీతను) తీసేసింది. అదే ఏడాది బర్బరీ పాత లోగోను పక్కనపెట్టి మందపాటి సాదా అక్షరాలకు మారింది. వాటి పక్కన మరికొన్ని బ్రాండ్ల పేర్లు పెడితే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టమైంది. బర్బరీ 2023లో మళ్లీ గుర్రమెక్కిన యోధుడి పాత గుర్తు దగ్గరికి తిరిగి వచ్చింది. తనను తనలా చూపించేదాన్ని తీసేయడం పొదుపు కాదు, నష్టం. కోసా బ్రాండు ఏదైనా ఈ ఉదాహరణను గోడ మీద రాసి పెట్టుకోవాలి.

పునర్నిర్మాణం అసలే ప్రమాదకరం. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2014 ఫిబ్రవరిలో 15 కోట్ల పౌండ్ల ఖర్చుతో కొత్త వెబ్‌సైటు తెచ్చింది. పత్రిక తరహా పుటలు, పెద్ద ఫొటోలు ఉన్నాయి. కానీ పాత ఖాతాదారులంతా మళ్లీ కొత్తగా నమోదు చేసుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలల తర్వాత ప్రకటించిన మూడు నెలల లెక్కల్లో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. మన దేశంలో మింత్రా 2015 మేలో వెబ్‌సైటునే మూసేసి యాప్ మాత్రమే ఉంచింది. అది ఒక రకంగా తీసివేతల్లో పరాకాష్ఠ. 2016 జూన్‌లో కంప్యూటర్ వెబ్‌సైటును మళ్లీ తెరవక తప్పలేదు. కొనేవారు ఏ గుమ్మం గుండా వస్తారో ఆ గుమ్మాన్ని మూసి సరళత అనుకోవడం పొరపాటని ఆ ఏడాది అనుభవం చూపింది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి

ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని 1952లో విలియం హిక్ ప్రయోగాలు చూపాయి. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ జామ్ సీసాలతో చేసిన అధ్యయనం ఇంకా ప్రసిద్ధం. 24 రకాలు పెట్టిన బల్ల దగ్గర ఎక్కువమంది ఆగారు కానీ, 6 రకాలే పెట్టినప్పుడు కొన్నవారి శాతం చాలా ఎక్కువ. డిజైనర్లు ఈ అధ్యయనాన్ని ప్రతి సమావేశంలో ఎత్తిచూపుతారు. అయితే ఇలాంటి ప్రయోగాలనేకం కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఎంపికలు ఎక్కువా తక్కువా అన్నదానికన్నా అవి ఎలా వర్గీకరించి ఉన్నాయన్నదే పట్టించుకోవాల్సిన విషయం అని నా అభిప్రాయం. బిలాస్‌పూర్ సదర్ బజార్‌లోనో గోల్ బజార్‌లోనో అనుభవమున్న బట్టల వ్యాపారి బీరువాలన్నీ తెరవడు. పెళ్లికా, రోజువారీకా, ఎంతలో కావాలమ్మా అని అడిగి పది చీరలు పరుస్తాడు. వెబ్‌సైటులో ఆ పని చేసేది వడపోత సదుపాయం. ధర, సందర్భం, నూలు రకం, రంగు అనే నాలుగు ప్రశ్నలు చాలు. ఇరవై ప్రశ్నల జాబితా ఎవరూ విప్పి చూడరు.

మొదటి పేజీలో ముందు వెళ్లిపోవాల్సింది కదిలే బ్యానర్ల వరుస. తనంతట తాను జరిగిపోయే ఐదు బ్యానర్లు సంస్థలోని ఐదు విభాగాల మధ్య రాజీకి గుర్తు తప్ప, కొనేవారికి అందులో ఉపయోగం లేదు. రాగానే ముఖం మీద పడే డిస్కౌంట్ పెట్టె, అడగకుండానే మోగే సంగీతం, మెరిసే ‘కొత్తవి’ గుర్తులు, ఒకే చోటికి వెళ్లే మూడు నాలుగు లింకులు ఆ తర్వాత వరుసలో వెళ్లిపోవాలి.

మెనూ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. మూడు గీతల గుర్తు వెనుక మెనూ మొత్తాన్ని దాచేయడం ఈ శైలిలో చాలా మామూలు. 2016లో నీల్సన్ నార్మన్ గ్రూప్ చేసిన పరీక్షల్లో దాచిన మెనూను జనం తక్కువగా వాడారు, వాడినా ఆలస్యంగా వాడారు. చీరలు, కుర్తాలు, దుప్పట్టాలు, మీటరు గుడ్డ అనే నాలుగు మాటలకు ఫోను తెర మీద చోటు దొరక్కపోదు. వాటిని దాచడంలో అందం ఏమీ లేదు.

సరుకు పేజీలో ఉంచాల్సినవి ఎక్కువే. ఇక్కడే చేనేతకూ మిల్లు బట్టకూ దారులు వేరవుతాయి. చీర పొడవు ఎంత, జాకెట్టు ముక్క కలిపా విడిగానా? మామూలుగా 5.5 మీటర్ల చీరకు సుమారు 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలుస్తుంది. ఆ లెక్క రాయకపోతే కొనేవారు ఫోన్ చేసి అడుగుతారు, లేదా కొనరు. పడుగు ఏ నూలు, పేక ఏ నూలు, రంగు సహజమైనదా అద్దినదా, అంచూ కొంగూ ఎలా ఉంటాయి, మొదటిసారి ఇంట్లో ఉతకవచ్చా డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలా, ఎన్ని రోజుల్లో చేరుతుంది, నచ్చకపోతే ఏం చేయాలి? వీటిలో ఒక్కటి తీసేసినా పేజీ ఖాళీ అవుతుంది తప్ప సరళం కాదు. సిల్క్ మార్క్, చేనేత గుర్తు, భౌగోళిక గుర్తింపు ఉంటే అవి చిన్నగా, ధర దగ్గరే ఉండాలి. సిల్క్ మార్క్ 2004లో, చేనేత గుర్తు 2006లో మొదలయ్యాయి. నకిలీ పట్టు కలిసిపోయే మార్కెట్లో ఆ ముద్రలు పెద్ద హామీ. సైటు చివర పది లోగోల గుంపులో వాటిని పడేస్తే ఆ హామీ కంటికి ఆనదు.

నేసినవారి గురించి కూడా చెప్పాలి. కోసా దారం తీసే పనిలో మహిళలు తొడ మీద నూలు పేనే పాత పద్ధతి శరీరాన్ని గాయపరుస్తుంది. దాని స్థానంలో కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థ చాంపాలోని ఒక తయారీదారుతో కలిసి ‘బునియాద్’ అనే దారం తీసే యంత్రాన్ని రూపొందించింది. ఇలాంటి నిజమైన విషయం రెండు వాక్యాల్లో చెప్పగలిగితే అది ఏ నినాదంకన్నా బరువైనది. ‘శతాబ్దాల సంప్రదాయం’, ‘మట్టి పరిమళం’ వంటి మాటలు మాత్రం నిస్సంకోచంగా తీసేయొచ్చు.

తెల్లని తెర మీద మీగడ రంగు

మినిమలిస్ట్ సైట్లకు తెల్లటి నేపథ్యం రాయని నియమంలా స్థిరపడిపోయింది. కోసాకు అది శత్రువు. లేత మీగడ రంగు చీరను పూర్తి తెలుపు మీద ఉంచి ఫొటో తీస్తే అంచు ఎక్కడ మొదలైందో కూడా తెలియదు, బట్ట పాలిపోయినట్టు కనిపిస్తుంది. లేత బూడిద రంగు, మట్టి రంగు, లేదా కొంచెం ముదురు చెక్క రంగు నేపథ్యం మీద అదే బట్ట బంగారు ఛాయతో నిలుస్తుంది. కాబట్టి నేపథ్యపు రంగును డిజైనరు తన ఇష్టం కొద్దీ నిర్ణయించకూడదు. ముందు పదిరకాల గుడ్డలు తెచ్చి తెర మీద పరీక్షించి అప్పుడు తేల్చాలి.

వెలుగు కూడా అంతే. పసుపుపచ్చ బల్బుల కింద తీసిన కోసా అంతా తేనె రంగులోనే కనిపిస్తుంది, పగటి నీడలో తీస్తే అసలు ఛాయ వస్తుంది. ఫొటో తీసేటప్పుడు బూడిద రంగు కార్డు పెట్టి తెలుపును సరిచేసుకోవడం స్టూడియోల్లో మామూలు పద్ధతి. చిన్న సహకార సంఘం కూడా కిటికీ పక్కన ఆ పని చేసుకోగలదు. ఒక్కో చీరకు నాలుగు ఫొటోలు చాలు. కట్టుకున్న మనిషి పూర్తి రూపం, కొంగు పరిచినది, అంచు దగ్గరి నుంచి, నేత కనిపించేంత దగ్గరి నుంచి ఒకటి. ఈ చివరిదే అమ్మకం చేసే ఫొటో. గీచా నూలు ముడులు అందులో లోపంలా కాక గుణంలా కనిపించాలి, పక్కన ఒక వాక్యంలో అది చేతివడుకు లక్షణమని రాయాలి. లేకపోతే చీర ఇంటికి చేరాక దారం బాగాలేదని వాపసు వస్తుంది. సహజ ఛాయల్లో స్వల్ప తేడా ఉంటుందని ముందే చెప్పడం కూడా ఇందుకే.

అక్షరాల పొందిక

ఫ్యాషన్ సైట్లలో సన్నని లేత బూడిద అక్షరాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య దూరం పెంచిన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు చాలా చోట్ల కనిపిస్తాయి. తెలుగులో ఇవి పనిచేయవు. మన లిపికి పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు. గుణింతం పైనా వత్తు కిందా చేరడం వల్ల వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి. ఇంగ్లీషుకు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు సరిపోయే చోట తెలుగుకు ఇంకొంచెం పెంచాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టును తాకుతుంది. అక్షరాల మధ్య దూరం పెంచితే పదం ముక్కలై కనిపిస్తుంది. హిందీలో శిరోరేఖ తెగిపోతుంది.

సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్.టి.ఆర్. వంటి ఫాంట్లు, నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఉచితంగా దొరుకుతున్నాయి. ఫాంటు ఫైలు మాత్రం ఇంగ్లీషు ఫాంటుకన్నా చాలాసార్లు కొన్ని రెట్లు పెద్దది. ఒకే ఫాంటు, రెండే మందాలు అన్న మినిమలిస్ట్ నియమం తెలుగు సైటుకు అందంకన్నా వేగం కోసమే ఎక్కువ అవసరం. బిలాస్‌పూర్ లాంటి చోట హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడూ కావాలంటే మూడింటినీ ఒకే పేజీలో కుక్కకూడదు. పైన ఒక మూల మూడు భాషల పేర్లు వాటి వాటి లిపుల్లోనే రాసి, ఎంచుకున్నదాన్ని సైటు గుర్తుంచుకోవాలి. జెండా బొమ్మలు వద్దు. భాషకు జెండా ఉండదు.

అక్షరానికీ నేపథ్యానికీ మధ్య తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. లేత బూడిద అక్షరాల ఫ్యాషన్ ఈ పరీక్షలో తరచుగా తప్పుతుంది. ఎండలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోను చూసే మనిషికీ, చూపు మందగించిన రిటైర్డ్ గార్డుకూ ఈ తప్పు ఒకేలా ఇబ్బంది. 2023 అక్టోబరులో వచ్చిన ప్రమాణాల 2.2 రూపం నొక్కే బటను కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంది. కదిలే రైలులో నొక్కేవారికి అది కూడా చాలదు, రెట్టింపు పెట్టడం మంచిది.

బరువు, వేగం

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. సిగ్నలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేదు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు అడవుల గుండా వెళ్లే రైలులో కూర్చున్నవారిని అడిగితే చెబుతారు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలి, చదువుతుండగా పేజీ కుదుపు కొలత 0.1 దాటకూడదు అన్నవి గూగుల్ పెట్టిన మూడు కొలతలు. వీటిలో రెండోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది.

బట్టల సైటులో బరువంతా ఫొటోలదే. కెమెరా ఇచ్చిన కొన్ని మెగాబైట్ల ఫైలును యథాతథంగా ఎక్కించడం చిన్న బ్రాండ్లలో సర్వసాధారణం. ఫోను వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ లేదా ఏవిఫ్ రూపంలోకి మార్చి, కిందికి జరిపినప్పుడే మిగిలినవి వచ్చేలా పెడితే అదే ఫొటో పదో వంతుకో అంతకన్నా తక్కువకో దిగుతుంది. అయితే గీచా నేత లాంటి గరుకు బట్టను మరీ నొక్కి కుదిస్తే నేత కరిగి ప్లాస్టిక్ గుడ్డలా కనిపిస్తుంది. దగ్గరి నుంచి తీసిన ఆ ఒక్క ఫొటోకు మాత్రం నాణ్యత ఎక్కువ ఉంచాలి. తీసివేతలో విచక్షణ అంటే ఇదే. ఎవరూ చూడని గణాంక పరికరాల కోడు, మూడు రకాల చాట్ పెట్టెలు, సామాజిక మాధ్యమాల ట్రాకింగ్ కోడు తీసేస్తే ఆ ఫొటోకు చోటు వస్తుంది.

చట్టం చెప్పే సరళత

2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం మొత్తం ధర ఒకే అంకెగా, దాని విడి లెక్కతో సహా చూపాలి. ఫిర్యాదుల అధికారి వివరాలు ఇవ్వాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల లోపు పరిష్కరించాలి. సమ్మతి కోసం ముందే టిక్కు పెట్టిన గడులు వాడకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు పోకడలను పేరుపేరునా నిషేధించింది. ‘రెండే మిగిలాయి’ అన్న అబద్ధపు తొందర, బుట్టలో అడగని వస్తువు చేర్చడం, వద్దంటే సిగ్గుపడేలా చేసే మాటలు, చివరి మెట్టులో ధర పెంచడం వాటిలో ఉన్నాయి. సాదాగా కనిపించే పేజీ కూడా ఈ తప్పులు చేయగలదు. వాపసు నియమాన్ని లేత అక్షరాల్లో అడుగున దాచడం శుభ్రమైన పేజీలోనే సులువు. చేనేతలో మాత్రం ‘ఒకటే ఉంది’ అన్నమాట చాలాసార్లు నిజం. అలాంటప్పుడు దాన్ని ఎర్ర రంగు గడియారంతో బెదిరించకుండా మామూలు అక్షరాల్లో చెబితే సరిపోతుంది.

బుట్టలో వేసి కొనకుండా వెళ్లిపోయేవారు ప్రపంచవ్యాప్తంగా సగటున సుమారు 70 శాతమని బేమార్డ్ సంస్థ లెక్క. అనుకోని అదనపు ఖర్చులు, బలవంతపు ఖాతా నమోదు ముఖ్య కారణాలు. పిన్‌కోడ్ కొట్టగానే రవాణా ఖర్చూ చేరే రోజూ చెప్పడం, ఖాతా లేకుండానే కొననివ్వడం, యూపీఐని మొదటి వరుసలో ఉంచడం అనే మూడు మార్పులూ చేసి చూస్తే, వీటిలో ఏదీ అందానికి సంబంధించినది కాదని గమనించవచ్చు.

పని జరిగే తీరు

పునర్నిర్మాణం డిజైను బొమ్మలతో మొదలవకూడదు. ఇప్పుడున్న పేజీలన్నిటి జాబితా తీసి, ఏవి ఎవరు చూస్తున్నారు, లోపలి వెతుకులాటలో ఏ మాటలు కొడుతున్నారు అన్నది చూడాలి. జనం ‘కోసా’ అని వెతుకుతుంటే, మెనూలో ‘టస్సర్ కలెక్షన్’ అని రాసి పెట్టడంలో అర్థం లేదు. తెలుగువారు ‘దసలి’ అని వెతికినా అదే చోటికి చేరాలి. ఐదుగురు కొనుగోలుదారులకు ఫోను ఇచ్చి ఒక చీర కొనమని చెప్పి మౌనంగా పక్కన కూర్చుంటే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. రైల్వే కాలనీ పక్కనే ఉన్న బుధవారీ బజార్‌లో అలాంటి ఐదుగురు దొరకడం కష్టం కాదు.

పాత చిరునామాలను కొత్త పేజీలకు శాశ్వతంగా మళ్లించడం మరిచిపోతే గూగుల్ వెతుకులాటలో ఏళ్ల తరబడి సంపాదించిన చోటు పోతుంది. పాత ఖాతాలు, పాత ఆర్డర్లు కొత్త సైటుకు అలాగే రావాలి. మార్క్స్ అండ్ స్పెన్సర్ అనుభవం మళ్లీ చెప్పక్కర్లేదు. పండుగల ముందు, పెళ్లిళ్ల కాలంలో కొత్త సైటు విడుదల చేయకూడదు. మొత్తం ఒకేసారి మార్చేకన్నా సరుకు పేజీని ముందు మార్చి, కొన్ని వారాలు కొలిచి, తర్వాత మొదటి పేజీకి వెళ్లడం మేలు.

చేనేత సంఘం నడిపేవారికీ, ఆ పని చేతికెత్తుకునే యువ డిజైనర్లకూ ఒక మనవి. డిజైనుకు బయానా ఇచ్చే ముందే ప్రతి చీరకూ నూలు, నేత, పొడవు, జాకెట్టు ముక్క, ఛాయ, ధర, ఉతుకు, వాపసు అనే ఎనిమిది గడుల పట్టిక రాసి పెట్టుకోండి. నేసినవారి దగ్గర కూర్చుని, వారి మాటల్లోనే రాయండి. ఆ పట్టిక నిండాక పేజీ ఎంత సాదాగా ఉండవచ్చో మీకే తెలుస్తుంది. అది నిండకుండా ఏ డిజైనరు చేతిలో పెట్టినా బయటికి వచ్చేది తెల్లటి ఖాళీ పేజీయే.